లండను చిత్రశాలల్లో మన రాళ్ళు

లండను వెళ్ళి వచ్చినవారిని ఏమేమి చూచారని అడగండి. రాణివాసం, గడియారపు గోపురం, థేమ్సు మీది వంతెన అని వరుసగా చెబుతారు. చిత్రశాలల మాట ఎత్తితే మాత్రం, "తీరిక చిక్కలేదండీ!" అంటారు. నిజానికి తీరిక చేసుకోవలసింది వాటికే. పైగా ఖర్చు కూడా లేదు. నేషనల్ గ్యాలరీలోగాని, బ్రిటిష్ మ్యూజియంలోగాని శాశ్వత ప్రదర్శనలు చూడడానికి రుసుము లేదు. ప్రత్యేక ప్రదర్శనలకే టిక్కెట్టు.

ట్రఫాల్గర్ స్క్వేరుకు ఉత్తరాన ఉన్నది నేషనల్ గ్యాలరీ. ఆంగర్‌స్టయిన్ అనే ధనికుడి సేకరణ నుంచి ప్రభుత్వం కొన్న 38 చిత్రాలతో 1824లో ఇది మొదలయింది. ఇప్పుడు రెండు వేలకు పైగా ఉన్నాయి. అన్నీ ఒక్క పూటలో చూడాలని బయలుదేరితే కాళ్ళనొప్పులే మిగులుతాయి. నాలుగైదు ఎంచుకుని నింపాదిగా చూడండి. వాన్ ఐక్ 1434లో చిత్రించిన ఆర్నొల్ఫీని దంపతుల పటంలో, వెనుక గోడకు ఒక గుండ్రటి అద్దం ఉంది. అందులో ఆ దంపతుల వీపులూ, గుమ్మంలో నిలబడ్డ మరిద్దరూ కనిపిస్తారు! వాన్ గో 1888లో వేసిన పొద్దుతిరుగుడు పూలూ ఇక్కడే ఉన్నాయి.

1939లో యుద్ధం రాగానే ఈ చిత్రాలను వేల్సుకు తరలించారు. తరువాత అక్కడి మానోడ్ కొండలో, పలకరాతి గనిలో దాచారు. గ్యాలరీ మీద బాంబులు పడ్డాయి. గోడలు బోసిపోయాయి. ఉత్త గోడలు చూడలేక, ఒక్క బొమ్మనైనా తెచ్చి పెట్టండని జనం కోరారు. 1942 నుంచి నెలకొక చిత్రాన్ని గని నుంచి తెచ్చి చూపించారు. ఆ ఒక్కదాని కోసమే జనం వచ్చేవారు.

ఇక బ్రిటిష్ మ్యూజియంలో తెలుగువారు తప్పక వెదకవలసినవి అమరావతి శిల్పాలు. మన కైఫీయతులు సేకరింపజేసిన మెకంజీ దొర 1797లో అమరావతి స్తూపాన్ని చూచాడు. అప్పటికే ఆ రాళ్ళు ఊరి కట్టడాలకు పోతున్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి తీసిన ఫలకాలు మద్రాసు చేరి, 1859లో ఓడెక్కి లండను వెళ్ళాయి. 1880లో ఈ మ్యూజియానికి వచ్చాయి. వాటిలో రెండు వైపులా చెక్కిన ఫలకం ఒకటి ఉంది. ఒక వైపు బోధివృక్షాన్నీ, ఖాళీ ఆసనాన్నీ కొలిచే భక్తులు. కొన్ని వందల ఏళ్ళ తరువాత దాన్నే తిప్పి, రెండో వైపున స్తూపాన్ని చెక్కారు. ఆ మహాస్తూపం నిండుగా ఉన్ననాడు ఎలా ఉండేదో ఊహించడానికి అదే మనకు ఆధారం.

తీసుకుపోయారు గనుకనే మిగిలాయని కొందరు, మన గడ్డమీద ఉండవలసినవని కొందరు వాదిస్తారు. ఆ వాదం తేలేలోగా మనం చేయగల పని ఒకటుంది. అమరావతి శిల్పాలు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి. అమరావతి మ్యూజియంలోనూ ఉన్నాయి. ఓడ ఎక్కనక్కరలేదు, బస్సు ఎక్కితే చాలు. బాంబుల నడుమ ఒక్క బొమ్మ కోసం కదలివచ్చారు లండను జనం. వచ్చే సెలవుల్లో పిల్లలను వెంటబెట్టుకుని మనం కృష్ణ ఒడ్డుకు వెళ్ళలేమా?