ఒక్క పాట.. తగలబడిన ఇల్లు: ఫెలా కుటి ‘జాంబీ’పై నైజీరియా సైన్యానికి ఎందుకంత కోపం?

పాట నచ్చకపోతే ప్రభుత్వాలు ఏం చేస్తాయి? రేడియోలో రాకుండా ఆపుతాయి. మరీ ముదిరితే కేసు పెడతాయి. కానీ 1977లో నైజీరియాలో జరిగింది వేరు. ఒక గాయకుడి ఇంటిని దాదాపు వెయ్యి మంది సైనికులు చుట్టుముట్టి తగలబెట్టారు. 76 ఏళ్ల అతని తల్లిని పై అంతస్తు కిటికీలోంచి కిందకు విసిరేశారు.

ఆ గాయకుడు ఫెలా కుటి. సైన్యానికి అంత మంట పుట్టించిన ఆల్బమ్ ‘జాంబీ’. అదే ఆల్బమ్‌కు 2025లో గ్రామీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. ఇంతకీ అందులో ఏముంది?

ఎవరీ ఫెలా?

ఫెలా 1938లో నైజీరియాలోని అబెయోకుటాలో పుట్టాడు. తండ్రి పాస్టర్, స్కూల్ ప్రిన్సిపాల్. తల్లి ఫున్మిలాయో రాన్సమ్ కుటి ఆ దేశంలో పెద్ద పేరున్న మహిళా నాయకురాలు. 1940ల చివర్లో మహిళలపై వేసిన పన్నులకు వ్యతిరేకంగా వేల మందిని వీధుల్లోకి తెచ్చారు. ఆ దెబ్బకు స్థానిక రాజు కొంతకాలం గద్దె దిగాల్సి వచ్చింది. నోబెల్ రచయిత వోలే సోయింకా కూడా వీళ్ల బంధువే.

1958లో ఫెలాను మెడిసిన్ చదవమని లండన్ పంపించారు. ఆయన వెళ్లి మ్యూజిక్ కాలేజీలో చేరాడు. ఇద్దరు అన్నదమ్ములు మాత్రం డాక్టర్లే అయ్యారు. 1969లో బ్యాండ్‌తో అమెరికా వెళ్లినప్పుడు నల్లజాతి ఉద్యమాలతో పరిచయం ఏర్పడింది. అక్కడి నుంచి తిరిగొచ్చాక ఆయన పాట మారిపోయింది. ప్రేమ పాటలు వెనక్కి వెళ్లి, రాజకీయం ముందుకొచ్చింది.

ఆఫ్రోబీట్ అంటే ఏంటి?

పశ్చిమ ఆఫ్రికా హైలైఫ్, యొరుబా తాళాలు, అమెరికన్ జాజ్, ఫంక్.. ఇవన్నీ కలిస్తే ఆఫ్రోబీట్. డ్రమ్మర్ టోనీ అలెన్ లేకపోతే ఈ సంగీతమే లేదని ఫెలా స్వయంగా ఒప్పుకున్నాడు.

ఫెలా పాట మూడు నిమిషాల్లో అయిపోదు. ఎల్పీ రికార్డులో ఒక వైపు మొత్తం ఒకే పాట ఉండేది. ముందు చాలాసేపు వాయిద్యాలే. లయలో వినేవాడు మునిగిపోయాక, అప్పుడు గొంతు వినిపిస్తుంది. ఆయన ఒక మాట అంటే అమ్మాయిల కోరస్ బదులు చెబుతుంది. భాష కూడా లెక్క వేసి ఎంచుకున్నదే. యొరుబాలో పాడితే ఒక ప్రాంతం వాళ్లకే అర్థమవుతుంది. అందుకే మార్కెట్లో, బస్టాండ్లో అందరూ మాట్లాడే పిడ్జిన్ ఇంగ్లిష్‌లో పాడాడు.

‘జాంబీ’లో ఏముంది?

1976లో వచ్చిన ఈ ఆల్బమ్‌లో రెండే పాటలు. ఒక్కోటి 12 నిమిషాల పైనే. టైటిల్ సాంగ్‌లో సైనికుడిని జాంబీతో, అంటే సొంత బుర్ర లేని నడిచే శవంతో పోల్చాడు. కవాతు మైదానంలో అధికారి ఇచ్చే ఆదేశాలను ఫెలా వరసగా చెబుతుంటే, కోరస్ ప్రతిసారీ ‘జాంబీ’ అంటుంది. రెండో పాట ‘మిస్టర్ ఫాలో ఫాలో’ కూడా గుడ్డిగా వెనక నడిచేవాళ్ల గురించే.

అప్పుడు నైజీరియాలో ఉన్నది సైనిక పాలన. లాగోస్ రోడ్లపై సైనికులు జనాన్ని కొరడాలతో కొట్టే రోజులవి. వాళ్లను చూస్తే భయపడే జనం చేతికి ఈ పాట ఒక ఎగతాళి మాటను ఇచ్చింది. సైన్యాన్ని విమర్శించడం వేరు. సైన్యాన్ని చూసి జనం నవ్వేలా చేయడం వేరు. అసలు కోపం ఇక్కడే మొదలైంది.

ఫిబ్రవరి 18న ఏం జరిగింది?

లాగోస్‌లో ఫెలా ఇల్లు ఒక చిన్న ఊరిలా ఉండేది. బ్యాండ్ సభ్యులు, కుటుంబం అంతా అక్కడే. లోపల రికార్డింగ్ సదుపాయం, ఆయన తమ్ముడు బెకో నడిపే క్లినిక్ కూడా ఉండేవి. ఆ ఇంటిని ‘కలకూటా రిపబ్లిక్’ పేరుతో స్వతంత్ర దేశంగా ప్రకటించుకున్నాడు ఫెలా. ఆ పేరు గతంలో తనను పెట్టిన పోలీసు సెల్‌కు ఖైదీలు పెట్టుకున్నది. మన కలకత్తాలోని ‘బ్లాక్ హోల్’ కథ నుంచి ఆ మాట పుట్టిందని చెబుతారు.

1977 ఫిబ్రవరి 18న సైనికులు ఆ ఇంటిని ముట్టడించారు. దొరికినవాళ్లను దొరికినట్టు కొట్టారు. మహిళలపై దారుణాలు జరిగాయి. ఫెలా తల పగిలింది. వాయిద్యాలు, రికార్డింగ్ టేపులు, క్లినిక్.. అన్నీ బూడిదయ్యాయి. కిటికీలోంచి విసిరేసిన తల్లి ఆ గాయాల నుంచి కోలుకోలేదు. 1978 ఏప్రిల్‌లో చనిపోయారు.

మరి శిక్ష ఎవరికి పడింది?

ఎవరికీ పడలేదు. ప్రభుత్వం వేసిన విచారణ ఒక్క సైనికుడి పేరు కూడా బయటపెట్టలేదు. నిప్పు పెట్టింది ‘ఎవరో తెలియని సైనికుడు’ అని తేల్చేసింది. పరిహారం కోసం ఫెలా వేసిన కేసూ వీగిపోయింది.

అప్పట్లో దేశాధినేత జనరల్ ఒలుసెగున్ ఒబసాంజో. 1979లో ఆయన ప్రభుత్వం దిగిపోయే సమయానికి ఫెలా తన తల్లి పేరిట ఒక శవపేటికను తీసుకెళ్లి దేశాధినేత ఉండే డోడాన్ బ్యారక్స్ గేటు దగ్గర పెట్టాడు. విచారణ నివేదికలోని మాటతోనే ‘అన్‌నోన్ సోల్జర్’ అనే అరగంట పాట చేశాడు. శవపేటిక ఘటనపై ‘కాఫిన్ ఫర్ హెడ్ ఆఫ్ స్టేట్’ వచ్చింది.

అదే సమయంలో జమైకాలో..

ఫెలా ఇంటిపై దాడికి మూడు నెలల లోపే, 1976 డిసెంబర్ 3న జమైకాలో రెగే స్టార్ బాబ్ మార్లే ఇంట్లోకి సాయుధులు చొరబడి కాల్పులు జరిపారు. మార్లే, ఆయన భార్య రీటా, మేనేజర్ గాయపడ్డారు. రెండు రోజుల తర్వాత అదే గాయాలతో మార్లే స్టేజీ ఎక్కాడు. తర్వాత లండన్ వెళ్లి ‘ఎక్సోడస్’ ఆల్బమ్ చేశాడు. ఫెలా మాత్రం లాగోస్‌నే తన ఊరుగా ఉంచుకున్నాడు. 1984లో ముహమ్మదు బుహారీ సైనిక ప్రభుత్వం విదేశీ కరెన్సీ కేసులో జైల్లో పెట్టింది. ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ ఆయన్ను మనస్సాక్షి ఖైదీగా గుర్తించింది. సుమారు 20 నెలల తర్వాత విడుదలయ్యాడు.

విమర్శలూ ఉన్నాయి

ఫెలాను దేవుడిని చేయాల్సిన పనిలేదు. 1978లో ఒకేసారి 27 మందిని పెళ్లి చేసుకున్నాడు. ‘లేడీ’ లాంటి పాటల్లో ఆడవాళ్ల గురించి చెప్పిన మాటలపై ఇప్పటికీ విమర్శలు వస్తాయి. అంత పెద్ద మహిళా నాయకురాలి కొడుకు ఇలా పాడటమేంటని అడిగేవాళ్లూ ఉన్నారు. 1997 ఆగస్టు 2న ఆయన చనిపోయినప్పుడు, కారణం ఎయిడ్స్ అని అన్న ఒలికోయే రాన్సమ్ కుటి బహిరంగంగా ప్రకటించారు. ఆయన దేశ ఆరోగ్య మంత్రిగా పనిచేసినవారు. ఎయిడ్స్ పేరెత్తడానికే జనం భయపడే రోజుల్లో అది చిన్న విషయం కాదు.

‘ఆఫ్రోబీట్స్’ ఇదేనా?

కాదు. చివరి ‘స్’ దగ్గరే తేడా ఉంది. ఫెలా చేసింది ఆఫ్రోబీట్. ఇప్పుడు రీల్స్‌లో వినిపించే బర్నా బాయ్, విజ్‌కిడ్‌లది ఆఫ్రోబీట్స్. ఇవి చిన్న పాటలు, పాప్ బాణీలు. అయినా బంధం తెగిపోలేదు. పంజాబీ గాయకుడు సిద్ధూ మూసేవాలా ‘మేరా నా’ పాటలో మనవాళ్లు విన్న గొంతు బర్నా బాయ్‌దే. ఆయన తాత బెన్సన్ ఇడోనిజే ఒకప్పుడు ఫెలాకు మేనేజర్.

తర్వాతి రోజుల్లో ఒబసాంజో, బుహారీ ఇద్దరూ ఎన్నికల్లో గెలిచి నైజీరియా అధ్యక్షులయ్యారు. ఫెలా చివరి రోజుల్లో ఉన్న ఇల్లు 2012లో మ్యూజియం అయింది.

కొత్తగా వినాలనుకునేవాళ్లు ‘జాంబీ’తో మొదలుపెట్టి, తర్వాత ‘అన్‌నోన్ సోల్జర్’, ఆ తర్వాత ‘కాఫిన్ ఫర్ హెడ్ ఆఫ్ స్టేట్’ వరసగా వినొచ్చు. మొదటి పాటలో నవ్వు ఉంటుంది. మిగతా రెండింట్లో ఆ నవ్వుకు ఒక కుటుంబం కట్టిన లెక్క ఉంటుంది.