రాత్రిని కొలిచే చామంతి

పిల్లలూ, సంక్రాంతి గొబ్బెమ్మలమీద మీరు బంతిపూలూ, చామంతులూ గుచ్చే ఉంటారు. ఈ రెండూ పొద్దుతిరుగుడు కుటుంబానివే. కాని బంతిమొక్క ఒక్కసారి పూసి చచ్చిపోతుంది. చామంతి అలా కాదు. సరిగా చూసుకుంటే ఏటేటా పూస్తుంది. అయినా చాలా ఇళ్ళలో అది రెండో ఏడు పూయదు. ఇందుకు ముఖ్యంగా రెండు కారణాలున్నవి.

మొదటిది మన తొందరపాటు. పూలు అయిపోగానే చామంతి ఎండినట్టు కనబడుతుంది. చచ్చిపోయిందనుకుని పీకి పారేస్తాం. నిజానికి దాని ప్రాణమంతా మొదట్లో ఉంటుంది. పూసిన కొమ్మలను జానెడు ఎత్తున కోసి, నీళ్ళు పోస్తూ ఉంటే, మొదట్లోనుంచి పిలకలు లేస్తాయి. వేసవిలో మధ్యాహ్నపు ఎండ తగలకుండా వాటిని కాపాడాలి. తొలకరి పడ్డాక పిలకలను వేళ్ళతో సహా విడదీసి, బాగా ఎండ వచ్చేచోట మూరకొకటి చొప్పున నాటండి. నీరు నిలిస్తే వేళ్ళు కుళ్ళిపోతాయి. అందుచేత మట్టి కాస్త ఎత్తు చేసి, చివికిన పశువుల ఎరువు కలపాలి. నాటిన నెలరోజులకు కొస చిగురు తుంచెయ్యండి. జాలిపడకండి! అప్పుడే పక్క కొమ్మలు వచ్చి మొక్క గుబురవుతుంది, పూలూ ఎక్కువవుతాయి.

రెండో కారణం వింతైనది. మొక్క ఏపుగా ఉంటుంది, ఆకులు పచ్చగా ఉంటాయి, కాని మొగ్గ తొడగదు. ఎరువు చాలలేదని పెద్దలు అంటారు. అయితే రాత్రిపూట దానిమీద దీపం వెలుతురు పడుతున్నదేమో ముందు చూడండి.

కొన్ని మొక్కలు రాత్రులు పొడుగైతేనే పూస్తాయని 1920లో అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అనే శాస్త్రజ్ఞులు చాటారు. చామంతి ఆ జాతిదే. వానాకాలం వెళ్ళి రాత్రులు పొడుగవుతున్నకొద్దీ అది మొగ్గ తొడుగుతుంది. నడిరాత్రి కొంతసేపు దీపం వెలిగితే, ఒక పొడుగు రాత్రి దానికి రెండు పొట్టి రాత్రులవుతుంది! పూలను ఆలస్యంగా పూయించదలచిన తోటలవాళ్ళు చామంతి చేలలో రాత్రిపూట దీపాలు పెట్టేది ఇందుకే.

మరి మొక్కలో రాత్రిని కొలిచేది ఏది? 1930 తరవాతి సంవత్సరాలలో సోవియట్ శాస్త్రజ్ఞుడు చైలాఖ్యాన్ చామంతిమీదనే దీన్ని పరీక్షించాడు. మొక్క పైభాగాన ఆకులన్నీ తీసేసి, కింది ఆకులకు మాత్రం పొడుగు రాత్రులు కల్పించాడు. పైన పూలు పూసినవి! పైభాగానికి పొడుగు రాత్రులూ, కింది ఆకులకు పొట్టి రాత్రులూ కల్పిస్తే పూయలేదు. అంటే రాత్రిని కొలిచేవి ఆకులు. పూయమనే కబురు అక్కడినుంచే కొసకు పోతుంది.

మీరూ దీన్ని పరీక్షించవచ్చు. ఒకే మొక్క పిలకలను రెండు కుండీలలో నాటండి. పగలు రెంటినీ ఎండలోనే ఉంచండి. వానాకాలం చివరినుంచి, రాత్రిపూట ఒకటి వీధిదీపం వెలుగులోనూ, రెండోది చీకట్లోనూ పెట్టండి. ఏది ముందు మొగ్గ తొడిగిందో తేదీ రాసి ఉంచుకోండి. పండుగనాటికి గొబ్బెమ్మకు ఏ కుండీ పూలిస్తుందో మీకే తెలుస్తుంది.