అగ్నిపర్వతం మీద సైకిల్: ఎక్కడం కన్నా దిగడానికే ఎందుకు జాగ్రత్త కావాలి?



అగ్నిపర్వతాల పాఠం చెప్పినప్పుడల్లా క్లాసులో ఎవరో ఒకరు అడుగుతారు: "మిస్, దాని మీదకి ఎక్కొచ్చా?" ఎక్కొచ్చు. కొన్నింటి మీదకి మంచి తారు రోడ్డే ఉంది. కార్లు వెళ్తాయి, సైకిళ్లూ వెళ్తాయి. అమెరికాలోని హవాయి దీవుల్లో అలాంటి రెండు రోడ్ల గురించి ఈ నెల చెప్పుకుందాం. అమెరికాలో ఉన్న అన్నయ్య దగ్గరికో, అక్క దగ్గరికో సెలవుల్లో వెళ్లే కుటుంబాలు మనలో చాలానే ఉన్నాయి. వాళ్లలో కొందరు హవాయి కూడా చూసి వస్తారు. వెళ్లని వాళ్లకు కూడా ఈ రోడ్లలో ఒక సైన్స్ పాఠం, ఒక భద్రత పాఠం ఉన్నాయి.

ఒకే పార్కు, తర్వాత రెండు

1916లో హవాయి నేషనల్ పార్క్ ఏర్పడింది. అందులో రెండు వేర్వేరు దీవుల్లోని అగ్నిపర్వతాలు ఉండేవి. 1961లో దాన్ని రెండుగా విడదీశారు. మౌయి దీవిలో ఉన్నది హలేయకలా నేషనల్ పార్క్. హవాయి అనే పెద్ద దీవిలో ఉన్నది హవాయి వోల్కనోస్ నేషనల్ పార్క్. మొదటిది చాలా ఏళ్లుగా నిద్రపోతున్న కొండ. అక్కడ చివరి విస్ఫోటం సుమారు 1480కి, 1600కి మధ్య జరిగి ఉంటుందని శాస్త్రవేత్తల అంచనా. రెండో పార్కులో ఉన్న కిలౌయా మాత్రం ప్రపంచంలో బాగా చురుగ్గా ఉండే అగ్నిపర్వతాల్లో ఒకటి.

దోసె పిండి చెప్పే జియోగ్రఫీ

అగ్నిపర్వతం అనగానే పిల్లలు కోసుగా ఉన్న కొండ బొమ్మ వేస్తారు. జపాన్‌లోని ఫుజి అలాగే ఉంటుంది. హవాయి కొండలు అలా ఉండవు. బోర్లించిన డాలులా వెడల్పుగా, నెమ్మదిగా వాలుతూ ఉంటాయి. కారణం వంటింట్లోనే దొరుకుతుంది. గట్టి పిండి పెనం మీద వేస్తే వేసిన చోటే కుప్పగా ఉంటుంది. రవ్వదోసె పిండి వేస్తే నాలుగు వైపులా పారుతుంది. హవాయిలో వచ్చేది బసాల్ట్ లావా. అది పల్చగా ఉంటుంది కాబట్టి దూరం పారి, పొర మీద పొరగా పేరుకుంటుంది. అందుకే కొండ మూడు వేల మీటర్లు పెరిగినా, సైకిల్ వెళ్లగలిగే వాలు దొరికింది.

ఈ బసాల్ట్ మనకు కొత్త కాదు. సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట దక్కన్ పీఠభూమి మీద పారిన లావా గట్టిపడి ఏర్పడింది కూడా బసాల్టే. వికారాబాద్, ఆదిలాబాద్ వైపు కనిపించే నల్లరాయి అదే. పత్తి పండే మన నల్లరేగడి చాలా వరకు ఆ రాయి అరిగి ఏర్పడిన మట్టి.

మొదటి రోడ్డు: ముందు ఎక్కాలి, తర్వాత దిగాలి

హలేయకలా అంటే హవాయి భాషలో "సూర్యుడి ఇల్లు". మౌయి అనే వీరుడు ఈ కొండ మీద నిలబడి సూర్యుణ్ణి తాళ్లతో పట్టుకున్నాడని అక్కడి కథ. పొద్దు త్వరగా కుంకిపోవడం వల్ల వాళ్లమ్మ తయారుచేసిన బట్ట ఆరడం లేదట. బాల హనుమంతుడి కథ విన్న మన పిల్లలకు ఇది వెంటనే నచ్చుతుంది.

సైకిల్ మీద వెళ్లేవాళ్లు సాధారణంగా సముద్రం ఒడ్డున ఉన్న పాయియా అనే చిన్న ఊళ్లో మొదలుపెడతారు. చెరకు పండిన పాత పొలాలు, మకవావ్ ఊరు, కూలా ప్రాంతపు తోటలు దాటి మలుపుల రోడ్డు ఎక్కుతారు. శిఖరం ఎత్తు 10,023 అడుగులు, అంటే 3,055 మీటర్లు. దూరం సుమారు 58 కిలోమీటర్లు. తిరుమల కొండ సముద్రమట్టానికి సుమారు 2,800 అడుగుల ఎత్తులో ఉంది. దానికి మూడున్నర రెట్లకు పైగా ఎత్తు ఒకే పూటలో ఎక్కాలన్నమాట. సగటు వాలు 5 శాతం పైమాట. అంటే 100 మీటర్లు ముందుకెళ్తే 5 మీటర్లు పైకి లేస్తారు. వినడానికి తక్కువే. కానీ మధ్యలో విశ్రాంతినిచ్చే దిగుడు పెద్దగా ఉండదు.

ఎక్కేకొద్దీ వాతావరణం మారిపోతుంది. వెయ్యి మీటర్లకు సుమారు 6 డిగ్రీల చొప్పున చలి పెరుగుతుంది. ఒడ్డున చెమట పట్టినవాళ్లకు పైన స్వెటర్ కావాలి. గాలి పీడనం కూడా తగ్గుతుంది. శిఖరం దగ్గర ఒక్కో శ్వాసలో అందే ఆక్సిజన్ సముద్రతీరంలో అందే దానిలో సుమారు 70 శాతమే. తలనొప్పి, వికారం వస్తే ఆగి, కిందికి దిగడమే మందు. పార్కు లోపల తిండి అమ్మరు. కావలసినది వెంట తీసుకెళ్లాలి.

పైన చూడాల్సినవి రెండున్నాయి. ఒకటి సిల్వర్‌స్వోర్డ్ అనే వెండి రంగు మొక్క. ఈ రకం హలేయకలా మీద తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. కొన్ని 90 ఏళ్ల దాకా బతుకుతాయి, ఒకే ఒక్కసారి పూసి చనిపోతాయి. దాని వేర్లు పైపైనే ఉంటాయి కాబట్టి దగ్గరికి వెళ్లి తొక్కకూడదు. రెండోది నేనే అనే బాతు జాతి పక్షి. అది హవాయి రాష్ట్ర పక్షి. రోడ్డు మీదకి నడిచి వచ్చేస్తుంది. బండ్ల కింద పడి చనిపోయేవి కూడా ఉన్నాయి. అందుకే అక్కడ "పక్షులు దాటుతాయి, నెమ్మదిగా వెళ్లండి" అని చెప్పే బోర్డులుంటాయి.

దిగేటప్పుడు ఏం జరుగుతుంది?

మనిషి, సైకిల్ కలిపి 70 కిలోలు అనుకుందాం. ఈ కొండ ఎక్కడానికి కావలసిన శక్తి సుమారు 21 లక్షల జౌళ్లు. హైస్కూల్ పిల్లలు బరువు, గురుత్వం, ఎత్తు గుణించి దీన్ని లెక్క వేయగలరు. మన కండరాలు తిన్న తిండిలో దాదాపు నాలుగో వంతునే పనిగా మారుస్తాయి కాబట్టి, ఎక్కడానికి సుమారు 2,000 కేలరీలు ఖర్చవుతాయి. పెద్దవాళ్లు రోజంతా తినే తిండికి అది దగ్గర.

ఆ 21 లక్షల జౌళ్లు పోయేది ఎక్కడికి? దిగేటప్పుడు అవన్నీ తిరిగి వస్తాయి. కొంత గాలిని తోయడానికి పోతుంది. మిగిలినది బ్రేకుల దగ్గర వేడిగా మారాలి. ఆరున్నర లీటర్ల మామూలు నీళ్లను మరిగించడానికి సరిపోయే శక్తి అది. బ్రేక్ గట్టిగా పట్టుకునే ఉంటే చక్రం అంచు కాలిపోయేంత వేడెక్కుతుంది, పట్టు తగ్గుతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు మలుపుకు ముందే వేగం తగ్గించి, మధ్యమధ్యలో బ్రేక్ వదులుతూ, అవసరమైతే ఆగి చల్లార్చుకుంటూ దిగుతారు. ఇంకో సూత్రం కూడా ఉంది. వేగం రెండింతలైతే ఆగడానికి కావలసిన దూరం రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది.

ఇది పుస్తకంలో లెక్క మాత్రమే కాదు. పర్యాటకులను వ్యాన్‌లో శిఖరం దాకా తీసుకెళ్లి, అక్కణ్ణుంచి సైకిళ్ల మీద కిందికి దింపే టూర్లు హలేయకలాలో చాలా కాలం నడిచాయి. ప్రమాదాల్లో ప్రాణాలు పోవడంతో 2007లో నేషనల్ పార్క్ సర్వీస్ పార్కు లోపల ఆ టూర్లను ఆపేసింది. ఇప్పుడు టూర్ కంపెనీలు పార్కు బయట, సుమారు 6,500 అడుగుల ఎత్తు నుంచి మొదలుపెడతాయి. సొంతంగా తొక్కుకుంటూ వెళ్లేవాళ్లకు మాత్రం పార్కులో అనుమతి ఉంది. ఎక్కకుండా దిగేవాడికి ఆ రోడ్డు మలుపులు తెలియవు, సైకిల్ తీరు అలవాటై ఉండదు. ఎక్కినవాడు ఆ రోడ్డును అంగుళం అంగుళం చూసి ఉంటాడు.

రెండో రోడ్డు: ముందు దిగాలి, తర్వాత ఎక్కాలి

హవాయి వోల్కనోస్ పార్కులోని చైన్ ఆఫ్ క్రేటర్స్ రోడ్ దీనికి తలకిందులు. సైకిల్ కొండ మీద మొదలై, సుమారు 30 కిలోమీటర్లలో 3,700 అడుగులు దిగి సముద్రం దగ్గరికి చేరుతుంది. దారి పొడవునా పాత బిలాలు, 1969 నుంచి 1974 వరకు పారిన లావా మైదానాలు కనిపిస్తాయి. తాళ్లు చుట్టినట్టు నున్నగా ఉండే లావాను పాహోయిహోయి అనీ, గరుకుగా పదునుగా ఉండేదాన్ని ఆఆ అనీ అంటారు. ఈ రెండు హవాయి మాటలనే ప్రపంచమంతా భూగర్భ శాస్త్రవేత్తలు వాడతారు.

ఈ రోడ్డు ఇప్పుడు సముద్రం ఒడ్డునే ఆగిపోతుంది. అవతలి భాగాన్ని లావా కప్పేసింది. కాబట్టి దిగినవాళ్లు అదే దారిలో 3,700 అడుగులూ ఎక్కి తిరిగి రావాలి. కింద దుకాణం లేదు, నీళ్లు దొరకవు. దిగేటప్పుడు గాలికి హాయిగా అనిపించి, మధ్యాహ్నం ఎండలో నల్లరాళ్ల మధ్య ఎక్కేటప్పుడు నీళ్లు అయిపోతే ఇబ్బంది పడతారు. సగం నీళ్లు, సగానికి పైగా శక్తి తిరుగు ప్రయాణానికి దాచుకోవాలి.

ఇంకో విషయం. 2018లో కిలౌయా శిఖరం కుంగినప్పుడు అక్కడి క్రేటర్ రిమ్ డ్రైవ్‌లో కొంత భాగం విరిగిపోయింది. 2024 డిసెంబరులో మొదలైన విస్ఫోటం కూడా విడతలు విడతలుగా సాగింది. అప్పుడప్పుడు గంధకపు వాయువుతో నిండిన పొగమంచు కమ్ముతుంది. ఆస్తమా ఉన్న పిల్లలకు అది మంచిది కాదు. బయల్దేరే ముందు ఆ రోజు పార్కు ప్రకటన చూడకుండా వెళ్లకండి.

అక్కడికి వెళ్లేవాళ్లకు

• అమెరికాలో కుడి పక్కన తొక్కాలి.
• అద్దె సైకిల్‌లో బ్రేకులు సరిచూసుకోండి. అక్కడ సాధారణంగా ముందు చక్రం బ్రేక్ ఎడమ చేతికి ఉంటుంది. మన సైకిళ్లలో ఎక్కువగా కుడి చేతికి ఉంటుంది.
• హవాయిలో 16 ఏళ్లలోపు పిల్లలకు హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి. పెద్దవాళ్లు కూడా పెట్టుకోండి.
• పూర్తి ఎక్కుడు పిల్లలకు కాదు. కూలా ప్రాంతంలోనో, శిఖరం పార్కు దగ్గర రోడ్డులోనో కొద్ది దూరం చాలు. మిగతాది కారులో చూడొచ్చు.

ఇక్కడే ఉండేవాళ్లకు

మన పిల్లలకు అగ్నిపర్వతం లేదు కానీ అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంప్ ఉంది, కాలనీ పక్కన ఫ్లైఓవర్ ఉంది. సైకిల్ నడిపించుకుంటూ పైకి తీసుకెళ్లి, ఒక్కసారిగా కిందికి వదిలేయడం వాళ్లకు ఇష్టమైన ఆట. ర్యాంప్ కింద మలుపులో ఎదురుగా కారు వస్తే ఆగే దూరం ఉండదు. వద్దని అరిస్తే మనం లేనప్పుడు చేస్తారు. కారణం చూపిస్తే ఆలోచిస్తారు. ఈ నెలలో ఒక ఆదివారం ఈ మూడు పనులు కలిసి చేయండి.

1. టేపుతో ర్యాంప్ పొడవు, ఎత్తు కొలవండి. ఎత్తును పొడవుతో భాగించి 100తో గుణిస్తే వాలు శాతం వస్తుంది. హలేయకలా సగటు 5తో పోల్చమనండి. చాలా ర్యాంపులు అంతకన్నా నిటారుగా ఉన్నాయని చూసి పిల్లలే ఆశ్చర్యపోతారు.
2. సమతలంగా, బండ్లు రాని చోట సుద్దముక్కతో గీత గీయండి. నెమ్మదిగా ఒకసారి, కాస్త వేగంగా ఒకసారి వచ్చి గీత దగ్గర బ్రేక్ వేయమనండి. ఎక్కడ ఆగారో రెండుసార్లూ కొలవండి. హెల్మెట్ తప్పనిసరి.
3. బ్రేక్ రబ్బర్లు, వైర్లు చూడండి. అరిగి ఉంటే ఆ రోజే సైకిల్ షాపుకి తీసుకెళ్లండి.

కొలతలు నోట్‌బుక్‌లో రాసి పంపిస్తే సైన్స్ క్లాసులో అందరం పోల్చి చూస్తాం. ర్యాంప్ మీద సైకిల్ దిగి నడిపించుకు రావాలన్న నియమాన్ని మీ పిల్లల చేతే ఒక చార్ట్ మీద రాయించి సెల్లార్ గోడకు అంటించండి. వాచ్‌మన్ చెప్పే మాట కన్నా తోటి పిల్లలు రాసిన మాటను వాళ్లు తొందరగా వింటారు.