పాత రేడియోపెట్టెకు మెఱుగు

మదరాసున 1938లోను, విజయవాడలో 1948లోను రేడియో కేంద్రములు వెలసిన పిదప మన యిండ్ల కూడములలో అగ్రస్థానము నందుకొన్నవి కొయ్యపెట్టెల వాల్వు రేడియోలు. నేడవి యటకలపై దుమ్ము గొట్టుకొనుచున్నవి. కొందఱు వానిని పాతసామానులవానికి తూచి యిత్తురు. కొందఱు పెట్టెను నున్నగా రుద్దించి తళతళలాడు క్రొత్త రంగు వేయింతురు. మొదటిది నష్టమని యందఱెఱుగుదురు, రెండవదియు నష్టమే.

ఏలయన, ఆ పెట్టెలలో పెక్కింటికి లోపలిది ప్లైవుడ్డు. దానిపై అందమైన చారలుగల మేలికొయ్య పొర యొకటి అతికింపబడి యుండును. దాని మందము తఱచుగా ఒక మిల్లీమీటరైన నుండదు. గరుకుకాగితముతో బలముగా రుద్దినచో పొర యరిగి లోపలి కొయ్య బయటపడును. అరిగినదానిని మరల రప్పించుట యెవ్వరి తరమును గాదు.

పనికి బూనుటకు ముందు లోని యంత్రమును రేడియో మెకానిక్కుచే బయటికి తీయింపవలెను. తీగను గోడనుండి ఊడదీసిన పిమ్మటను కండెన్సరులలో కొంతసేపు విద్యుత్తు నిలిచియుండి ప్రాణాపాయము గలిగింపగలదు. ఈ యొక్కటి నేర్పరులకు విడువుడు; తక్కినది మన చేతిపనియే.

మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, గట్టిగా పిండిన గుడ్డతో పెట్టెను తుడువవలెను. స్టేషనుల పేరులున్న గాజుపలకను, అక్షరములున్న వైపున తడిగుడ్డతో తాకరాదు, అవి రాలిపోవచ్చును. అంచులలో పొర లేచినచో దిగులు పడ బనిలేదు. పూర్వము వడ్రంగులు వాడిన వజ్రపుబంక వేడికిని తేమకును మెత్తబడును. తడిగుడ్డ పఱచి, గోరువెచ్చని యిస్త్రీపెట్టెతో కొన్ని క్షణములు మాత్రమే యొత్తి, రాత్రియంతయు బరువు పెట్టియుంచినచో తఱచుగా మరల అంటుకొనును.

తరువాత కనబడని మూలను స్పిరిటులో ముంచిన దూదితో తాకి చూడుడు. జిగట తేలినచో అది లక్క మెఱుగు. స్పిరిటులో కరగించిన లక్కను, నూలుగుడ్డలో చుట్టిన దూదియుండతో, చుక్కనూనె సాయమున, చేయి నిలుపక పలుచగా పూయవలెను. ఆఱిన పిదప మరల పూయవలెను. ఒక్కమాఱే దట్టముగా పూసినచో గీతలు పడును. జిగట తేలనిచో అది వేఱొక మెఱుగు; శుభ్రపఱచి కొంచెము మైనము రుద్దిన చాలును.

లక్కయిల్లు ఎట్లు మండెనో భారతము చదివిన మనకు వేఱుగ చెప్ప నక్కఱలేదు. స్పిరిటు దానికంటెను త్వరగా అంటుకొనును. కావున పొయ్యియు దీపమును లేని, గాలి యాడు చోటనే యీ పని చేయవలెను.

పెట్టె నిన్న కొన్నదానివలె కనబడవలెనని కోరకుడు. మీటలచుట్టు వ్రేళ్లు తగిలి మెఱుగు పోయిన గుర్తులుండును. వార్తలకొఱకును పాటలకొఱకును మీ పెద్దలు త్రిప్పిన మీటలవి. ఆ గుర్తుల నట్లే యుండనిండు.