వాళ్ల చేతుల్లోంచి గుంజిన పనికి మన కూలీలు కావాలట

మేడ్చల్ అడ్డా మీద పొద్దున ఆరింటికి నిలబడితే లోకంలోని ముచ్చట్లన్నీ వినబడతాయి. ఇజ్రాయిల్ కొలువుల ముచ్చట మేము మొదట విన్నదీ అక్కడే, 2024 ఎండాకాలంలో. ఆ సంవత్సరం హైదరాబాద్‌లో ప్రభుత్వ సంస్థలే దగ్గరుండి ఇజ్రాయిల్‌కు భవన నిర్మాణ కార్మికులను ఎంపిక చేశాయి. సెంట్రింగు, రాడ్ బెండింగు, ప్లాస్టరింగు, టైల్స్ పనివాళ్లు సుమారు 2,200 మంది పరీక్షకు వస్తే 900 మందికి పైగా ఎంపికయ్యారు. జీతం నెలకు లక్షా ఇరవై వేల పైమాటే అన్నారు.

తర్వాత షామీర్‌పేట దిక్కు ఒక ఊర్లో పాలస్తీనా గురించి కూలీల మీటింగు పెట్టినం. మేము సామ్రాజ్యవాదం గురించి చెప్తున్నాం. మధ్యలో ఒక అక్క లేచింది.

"అన్నా, గా దేశం ఏడుందో నాకెరుక లేదు. నా కొడుకు సెంట్రింగ్ పనికి పోతడు. లక్ష దాటి ఇస్తరంట. పంపాల్నా, వద్దా? గదొక్కటి చెప్పుండ్రి."

మాకు నోరు పెగల్లేదు. ఆమెకు అప్పుడు సరిగా చెప్పలేకపోయిన జవాబే ఇది.

ఆ పని ఇంతకు ముందు ఎవరు చేసేవారో ముందుగా తెలుసుకోవాలి. 2023 అక్టోబరుకు ముందు వెస్ట్‌బ్యాంక్ నుంచి సుమారు లక్షన్నర మంది, గాజా నుంచి మరో 18 వేల మంది పాలస్తీనా కూలీలు ఇజ్రాయిల్‌లో పనికి పోయేవారు. తెల్లారకముందే సైన్యం గేట్ల దగ్గర బారులు తీరి, కాగితాలు చూపించి పోవాలి. 2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో సుమారు 1,200 మంది చనిపోయారు. పొలంలో పనిచేస్తున్న థాయ్‌లాండ్ కూలీలూ అందులో ఉన్నారు. ఆ చావులను మేమూ ఖండిస్తున్నాం. కానీ దాని తర్వాత ఇజ్రాయిల్ ప్రభుత్వం ఏ పాపం ఎరుగని పాలస్తీనా కూలీల పర్మిట్లన్నీ ఒక్క దెబ్బతో ఆపేసింది. లక్షల ఇళ్లలో పొయ్యి ఆరిపోయింది. అక్కడ మేస్త్రీలు లేక కట్టడాలు ఆగిపోతే, కంట్రాక్టర్ల కన్ను మన మీద పడింది. 42 వేల మందిని పంపే ఒప్పందం 2023 మేలోనే ఇరు ప్రభుత్వాల మధ్య కుదిరి ఉంది. హర్యానా, ఉత్తరప్రదేశ్‌ల తర్వాత మన వంతు వచ్చింది.

ఇది మనకు తెలియని కథ కాదు. నాట్ల మీద కూలి పెంచమని పని బంద్ పెడితే, ఆసామి రాత్రికి రాత్రి పక్క మండలం నుంచి డీసీఎం బండ్లలో కూలీలను దింపేవాడు. ఆ వచ్చినవాళ్లను మనం కొట్టలేదు. బండి ఆపి, మేమెందుకు పని ఆపినమో చెప్పినం. సగం మంది తిరిగిపోయిన్రు. సగం మంది పోలేదు, వాళ్ల కడుపులూ కాలుతున్నయి కదా.

ఆ కూలీలు కూలీలెట్లా అయ్యారు? వాళ్ల తాతలు రైతులు. 1948లో ఏడు లక్షల మందికి పైగా ఊళ్లు విడిచి పోవాల్సి వచ్చింది. 1950లో ఒక చట్టం తెచ్చి, పోయినవాళ్ల భూమిని సర్కారు కిందికి లాక్కున్నారు. ప్రాణభయంతో పక్క ఊరికి పోయి తలదాచుకున్నవాడు దేశంలోనే ఉన్నా, కాగితం మీద మాత్రం 'లేనివాడు'. ధరణి పాసుపుస్తకంలో కాస్తు కాలమే తీసేస్తే దున్నుకుంటున్న కౌలుదారు ఏమయ్యాడో చూసిన మనకు ఈ విద్య ఎరుకే. అయితే మన దగ్గర కాగితమే వచ్చింది, అక్కడ కాగితం వెనక తుపాకీ కూడా వచ్చింది. 1976లో గలిలీ ప్రాంతంలో రైతుల భూములు గుంజుకుంటామని ప్రకటిస్తే మార్చి 30న సమ్మె కట్టారు. ఆరుగురిని చంపారు. ఏటా ఆ రోజును వాళ్లు భూమి దినంగా జరుపుకుంటారు. తరాల తరబడి కాసే ఆలివ్ చెట్లు వాళ్లకు మన ఇప్పచెట్ల లెక్క. కాయ తినొచ్చు, నూనె తీయొచ్చు. కోతల కాలంలో ఆక్రమణదారులు ఆ తోటల మీద పడి చెట్లు నరకడం నేటికీ జరుగుతోంది.

మన చేతికి మట్టి అంటకుండానూ లేదు. హెర్మెస్ 900 అనే ఇజ్రాయిల్ డ్రోన్లను తయారుచేసే కార్ఖానా, అదానీ, ఎల్బిట్ కంపెనీలు కలిసి పెట్టింది, 2018 డిసెంబరులో మన హైదరాబాద్‌లోనే మొదలైంది. ఇక్కడ తయారైన 20కి పైగా డ్రోన్లు ఇజ్రాయిల్‌కు పోయాయని 2024 ఫిబ్రవరిలో పత్రికలు రాశాయి. 1988లో పాలస్తీనా రాజ్యాన్ని గుర్తించిన దేశం మనది. అదే దేశం, ఆక్రమణ ఆపాలన్న తీర్మానం 2024 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితిలో ఓటుకు వస్తే తటస్థంగా కూర్చుంది. 124 దేశాలు అవునన్నాయి. 2025 అక్టోబరులో కాల్పుల విరమణ కుదిరేనాటికి గాజా ఆరోగ్యశాఖ లెక్కలో చనిపోయినవాళ్లు 67 వేల పైచిలుకు.

కార్మికులు మాత్రం తటస్థంగా లేరు. మన కూలీలను అక్కడికి పంపొద్దని 2023 నవంబరులోనే పది కేంద్ర కార్మిక సంఘాలు కలిసి ప్రకటించాయి. ఇజ్రాయిల్‌కు పోయే ఆయుధాలను ఎత్తం, దించం అని 2024 ఫిబ్రవరిలో 11 పెద్ద రేవుల కార్మికుల సమాఖ్య తేల్చి చెప్పింది.

ఇక అక్క ప్రశ్న. పోతే లక్ష వస్తుంది, నిజమే. 2024 మార్చిలో లెబనాన్ సరిహద్దు దగ్గర తోటలో పనిచేస్తున్న కొల్లం జిల్లా యువకుడు క్షిపణి పడి చనిపోయాడు. వ్యవసాయ కూలీగా పోయి రెండు నెలలే అయింది. ఇదీ నిజమే. కానీ భయపెట్టి ఆపడం మా పని కాదు.

అసలు మన పిల్లలు పోదామని ఎందుకనుకుంటున్నారు? మేడ్చల్, షామీర్‌పేట అంటే ఒకప్పుడు అంగూర్ తోటలు. అనాబ్-ఎ-షాహీ పండ్లు కోసిన చేతులు ఇంకా మన ఊళ్లలో ఉన్నాయి. తోటలు ప్లాట్లయ్యాయి. మిగిలిన ఊళ్లను 2024, 2025లలో మున్సిపాలిటీల్లో కలిపారు. ఉపాధి హామీ ఊళ్లకే గాని పట్నానికి లేదని ఆ పనీ పీకేశారు. రోజుకు 300 రూపాయలైనా అది ఎండాకాలంలో ఆడకూలీల గంజి.

ఇదంతా రెండోసారి పోయి ఆ అక్కకు చెప్పినం. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "ఇంకో తల్లి కొడుకు పని గుంజుకొని తినుమని నేనెందుకు జెప్త? గని ఈడ పని చూపియ్యుండ్రి" అన్నది.

పట్నంలో కలిసిన ఊళ్లలోనూ ఉపాధి పని కావాలని, ఇజ్రాయిల్‌కు కూలీల ఎంపికలు ఆపాలని ఒకే అర్జీ రాసినం. అంతాయిపల్లి కలెక్టరేట్‌కు పట్టుకపోతాం. మొదటి వేలిముద్ర ఆమెది.