బీమా అమ్మెటోడు ఎవరి దిక్కు మనిషి?

నిజామాబాద్ల బండి షోరూంకు పోయిన ఏ పిలగాన్నైనా అడుగుర్రి. బైక్ ధర కాడ గంటసేపు బేరం జేస్తడు. హెల్మెట్ ఫ్రీగ ఇయ్యమంటడు, సీటు కవర్ ఎయ్యమంటడు. అదే కొటేషన్ కాయితం మీద కింద ‘ఇన్సూరెన్స్’ అని ఒక లైన్ ఉంటది. ఆ లైన్ కాడ మాత్రం నోరు తెరవడు. అది సర్కారు పన్ను అసొంటిది, కట్టక తప్పదు అనుకుంటడు.

సగం నిజమే. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం థర్డ్ పార్టీ బీమా లేకుండ బండి రోడ్డెక్కద్దు. కొత్త టూవీలర్‌కు అయితే 2018 సెప్టెంబర్ సంది ఐదేండ్ల థర్డ్ పార్టీ ఒక్కపారే కట్టాలె. దాని రేటు సర్కారు ఖరారు చేస్తది, ఏ కంపెనీల కొన్నా ఒక్కటే. గని మన బండికి దెబ్బ తగిలితె, దొంగతనమైతె ఇచ్చే ‘ఓన్ డ్యామేజ్’ రేటు కంపెనీకొక తీరు ఉంటది. అది షోరూంలనే కొనాలె అని ఏ చట్టంల లేదు. ఆ లైన్ మీద షోరూంకు కమీషన్ ఉన్నది. షోరూం వెనుక ఒక బ్రోకర్ కంపెనీ ఉంటది, కొన్ని చోట్ల ఆ బ్రోకర్ కంపెనీ బండి తయారుచేసే కంపెనీదే. బండి వాళ్లదే, బీమా ఇప్పిచ్చెటోడు వాళ్లోడే, రేపు గుద్దుకుంటె రిపేరు చేసే వర్క్‌షాపు గూడ వాళ్లదే. ఇండ్ల మన దిక్కు నిలబడెటోడు ఎవడు?

ఈ ప్రశ్ననే బీమా దందా మొత్తానికి అడగాలె.

మన కాడ బ్రోకర్ అంటె బద్నాం మాట. భూమి బ్రోకర్, గల్ఫ్ బ్రోకర్, ఆర్టీఓ ఆఫీసు బయట బ్రోకర్. ఏజెంట్ అంటె జర మర్యాద, ‘ఎల్ఐసీ ఏజెంటు సార్’ అంటరు. చట్టంల మాత్రం ఉల్టా ఉన్నది. ఏజెంట్ అంటె కంపెనీ మనిషి, కంపెనీ సరుకు అమ్మనీకె పెట్టుకున్నోడు. బ్యాంకు గూడ అంతే, దానికి ‘కార్పొరేట్ ఏజెంట్’ అని పేరు. 2022 సంది ఒక్కో బ్యాంకు లైఫ్‌ల 9, జనరల్‌ల 9, హెల్త్‌ల 9 కంపెనీల దాంక పాలసీలు అమ్మొచ్చు. బ్రోకర్ ఒక్కడే కొనెటోని తరఫు మనిషి. పది కంపెనీలు చూసి నీకు ఏది పనికొస్తదో చెప్పాలె, క్లెయిమ్ అప్పుడు నీ వెంట నిలబడాలె. మన దేశంల 2002ల బ్రోకర్లకు నిబంధనలు వచ్చినయి, 2018ల కొత్తయి రాసిండ్రు. కాయితం మీద అంత సక్కగనే ఉన్నది.

మరి ఆ బ్రోకర్‌కు జీతం ఎవరిస్తరు? బీమా కంపెనీనే. నువ్వు కట్టిన ప్రీమియంలకెళ్లి కమీషన్ తీసి ఇస్తది. కోర్టుల నీ వకీలుకు ఫీజు అవతలి పార్టీ ఇస్తె ఎట్లుంటది? ఎంత మంచి వకీలైనా కొంచెమన్న అటు వంగుతడు. తిరకాసంత ఈడనే ఉన్నది.

ఇది మన దేశం రోగమొక్కటే గాదు. 2004 అక్టోబర్ల న్యూయార్క్ అటార్నీ జనరల్ ఎలియట్ స్పిట్జర్, ప్రపంచంల పెద్ద బ్రోకర్ కంపెనీ మార్ష్ మీద కేసు ఏసిండు. బిజినెస్ ఎక్కువ తెచ్చిస్తె ఎక్కువ ఇస్తం అని బీమా కంపెనీలు బ్రోకర్‌కు లోపల లోపల పైసలు ఇస్తుండె. కొనెటోళ్లకు నమ్మకం కుదరాలని, ముందుగాల్నే ఖాయమైన కంపెనీ పక్కకు ఇంకో కంపెనీతోటి దొంగ కొటేషన్లు ఏయించిండ్రు అని కేసు. మన ఊర్ల రోడ్డు టెండర్ల నడిచే రింగు ముచ్చటనే, కాకపోతె టై కట్టుకున్నోళ్లు చేసిండ్రు. 2005 జనవరిల 85 కోట్ల డాలర్లు కట్టనీకె ఒప్పుకొని మార్ష్ రాజీ పడ్డది.

మన బీమా పోలీసు ఐఆర్‌డీఏఐ హెడ్డాఫీసు ఢిల్లీల లేదు, హైదరాబాద్ నానక్‌రామ్‌గూడల ఉన్నది. నిజామాబాద్ బస్సెక్కితె నాలుగు గంటల తొవ్వ. షోరూంల బీమా మీద 2017ల ఆ సంస్థ నిబంధనలు తెచ్చింది, వాటిని తప్పిండ్రని 2020ల మారుతి బ్రోకర్ కంపెనీకి 3 కోట్ల జరిమానా ఏసింది. 2025 ఆగస్టుల పాలసీబజార్ వంతు వచ్చింది. 2020ల చేసిన తనిఖీల దొరికిన తప్పులకు 5 కోట్లు. ఫోన్ల బీమా చూసే తమ్ముళ్లు, చెల్లెండ్లు ఆ తప్పులు ఏందో జర తెలుసుకోవాలె. కొన్ని యులిప్ పాలసీలను ‘టాప్’ అని చూపెట్టిండ్రు, గని దేన్ని బట్టి టాప్ అంటె ఆధారం లేదు. జనం కట్టిన ప్రీమియం కంపెనీలకు పంపుడు ఆలస్యం చేసిండ్రు. పెద్ద కుర్సీల ఉన్నోళ్లు అనుమతి తీసుకోకుండ ఇంకో కంపెనీలల్ల డైరెక్టర్లుగ ఉన్నరు. ఆఖరుది చిన్న తప్పు లెక్క కొడుతది, గని ఒకడే మనిషి రెండు కుర్సీలల్ల కూసుంటె ఏ కుర్సీ మాట వింటడు అన్నదే కదా మన ప్రశ్న. తప్పులు పట్టింది 2020ల, శిక్ష పడ్డది 2025ల. నడుమ ఐదేండ్లు ఎంతమంది ఆ ‘టాప్’ చూసి కొన్నరో?

ఇగ బ్యాంకు ముచ్చట. పసుపు నిజామాబాద్ మార్కెట్ల కొచ్చే కాలం జనవరి నుంచి ఏప్రిల్. రైతు ఖాతాల ఏడాదికి ఒక్కపారి పెద్ద మొత్తం కనపడేది అప్పుడే. బ్యాంకుల టార్గెట్ల మంట లేచేది మార్చిల. ఈ రెండు ఒక్కకాడ కలుస్తయి. ‘సార్ లోపలికి రమ్మంటున్నడు’ అని కబురొస్తది, చాయ్ తాపిస్తరు. ‘ఐదేండ్లు కట్టు, డబుల్ అయితది, ఎఫ్‌డీ కంటె మంచిది’ అంటరు. పంట లోను రెన్యువల్ ఆ సారు చేతిలనే ఉన్నది, కాదంటె ఏమైతదో అని రైతు సంతకం పెడతడు. లోను కావాలంటె బీమా కొనాలె అని బలవంతం చెయ్యద్దని నిబంధన ఉన్నది. గని బలవంతం అన్న మాట ఎవరు నోటితోటి అంటరు? చాయ్ తోటే పని అయితది.

ఎందుకింత ఆత్రం అంటె లెక్క చూడుర్రి. పాత చట్టం లెక్కల జీవిత బీమాకు మొదటేడు కమీషన్ ప్రీమియంల 35 శాతం దాంక ఇయ్యొచ్చు, రెండు మూడు ఏండ్లకు 7.5 శాతం, తర్వాత 5. యాభై వేల పాలసీ అనుకుందాం. మొదటేడు అమ్మినోళ్లకు 17,500 దాంక వస్తది, రెండో ఏడు 3,750. అంటె నువ్వు పదేండ్లు కట్టుడు కంటె, ఇది బంద్ చేసి ఇంకోటి కొత్తది తీసుకునుడే అమ్మెటోనికి లాభం. ‘ఆ పాలసీ దండుగ, దాన్ని తీసేసి ఇందుల పెట్టు’ అని ఎవడన్న అన్నడంటె ఈ లెక్క యాదికి తెచ్చుకోర్రి. 2023 ఏప్రిల్ సంది కమీషన్ మీద విడివిడి పరిమితులు తీసేసిండ్రు, కంపెనీ మొత్తం ఖర్చుకే ఒక హద్దు పెట్టిండ్రు. ఎవరికెంత ఇయ్యాలెనో కంపెనీ బోర్డు ఇష్టం. నా అభిప్రాయం అడిగితె ఇది దొంగకు తాళంచెవి ఇచ్చినట్టే. ఒక మేలు మాత్రం అయింది: 2024 అక్టోబర్ సంది ఒక ఏడు ప్రీమియం పూర్తిగ కట్టి బంద్ చేసిన కొత్త పాలసీలకు గూడ కొంత పైసలు వాపస్ వస్తయి. అంతకుముందు మొదటేడు కట్టి ఆపితె గోవిందనే.

పైసలు పోవుడు ఒక బాధ. అంతకంటె ఘోరం ఇంకోటి ఉన్నది. ప్రపోజల్ ఫారం.

శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్ల మూతబడ్డది. బోధన్ల చక్కెర పోయింది గని షుగర్ పోలేదు, యాభై దాటిన ఇంట్ల ఎవరో ఒకరికి గోలీలు నడుస్తనే ఉంటయి. బీమా ఫారంల షుగర్ ఉన్నదా, బీపీ ఉన్నదా, ఆపరేషన్ అయిందా, బీడీ తాగుతవా అని వరుసగ అడుగుతరు. ఆ ఫారం ఇంగ్లీషుల ఉంటది, నింపెటోడు ఏజెంట్. ‘షుగర్ ఉన్నది’ అని రాస్తె మెడికల్ టెస్టు అంటరు, ప్రీమియం పెంచుతరు, లేకుంటె పాలసీనే ఇయ్యరు. అప్పుడు కమీషన్ ఏడికెళ్లి వస్తది? అందుకే అన్నిటికి ‘లేదు’ అని టిక్కు కొట్టి, ‘ఈడ సంతకం పెట్టు కాకా’ అంటడు. కాకా షుగర్ గోలీల ముచ్చట చెప్పిన గూడ ‘ఏం గాదు, నేను చూసుకుంటగా’ అంటడు.

రెండో ఏడు ఆ కాకా చనిపోయిండనుకో. కంపెనీ ఎంక్వయిరీకి మనిషిని పంపుతది. ఆయన ఖలీల్‌వాడి దవాఖానల పాత చీటీలు తీస్తడు. షుగర్ ఉన్నదని మూడేండ్ల కింది చీటీ ఒక్కటి దొరికితె సాలు. ‘నిజం దాచిండు’ అని క్లెయిమ్ కొట్టేస్తరు. దాచింది ఎవడు? టిక్కు కొట్టినోడు కంపెనీ మనిషి. మునిగింది కాకి. బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం పాలసీకి మూడేండ్లు నిండినంక కంపెనీ ఏ వంకతోటి పాలసీని తప్పు పట్టరాదు, మోసం అని గూడ అనరాదు. అంటె మొదటి మూడేండ్లే గండం.

దీనికి మందు ఉన్నది. పాలసీ బాండుతోటి నువ్వు సంతకం పెట్టిన ఫారం కాపీ గూడ ఇయ్యాలె. బాండు చేతికొచ్చిన దినం సంది 30 దినాలు ‘ఫ్రీ లుక్’ ఉంటది, 2024 దాంక ఇది 15 దినాలే ఉండె. ఆ 30 దినాలల్ల నచ్చకుంటె వాపస్ చెయ్యొచ్చు, చిన్న ఖర్చులు పట్టుకొని పైసలు ఇస్తరు. చదువుకున్న పిలగాండ్లు ఇంట్ల ఉండి గూడ అమ్మ నాయన బాండు బీరువాల చీరెల కింద పెడుతున్నరు. తీసి చదువుర్రి. తప్పు టిక్కు ఉంటె కంపెనీకి రాసి సరిచేయించుర్రి. ప్రీమియం పెరిగితె పెరగనియ్యి.

కిస్తు పైసలు ఏజెంట్ చేతికిచ్చుడు ఇంకో అలవాటు. సుప్రీంకోర్టు దాంక పోయిన ఒక ఎల్ఐసీ కేసు చెప్తా. ఒకాయన 1987 జూన్ల కిస్తు చెక్కు ఏజెంట్‌కు ఇచ్చిండు. ఏజెంట్ ఎంబడే కట్టలేదు. ఆగస్టు 9 నాడు ఆయన యాక్సిడెంట్ల చనిపోయిండు. తెల్లారి ఏజెంట్ ఆఫీసుకు పోయి పైసలు కట్టిండు. 1997ల కోర్టు ఏమన్నది? కిస్తులు వసూలు చేసే అధికారం ఆ ఏజెంట్‌కు లేదు, ఆయనకిచ్చిన పైసలు ఎల్ఐసీకి ఇచ్చినట్టు గాదు అన్నది. పాలసీలు అమ్మినప్పుడు కంపెనీ మనిషి, పైసలు తీసుకున్నప్పుడు ఎవరి మనిషీ గాదు! ఫోన్‌పేల కట్టినా, కౌంటర్ల కట్టినా కంపెనీ పేరు మీదనే కట్టుర్రి, ఏజెంట్ సొంత నంబర్‌కు కొట్టకుర్రి.

ఈ దందాల మన పిలగాండ్లు గూడ ఉన్నరు. టెన్త్ పాసై 15 గంటల ట్రైనింగ్ తీసుకుంటె ‘పీఓఎస్‌పీ’ అని సర్టిఫికెట్ ఇస్తరు, బ్రోకర్ కిందనో కంపెనీ కిందనో పాలసీలు అమ్మొచ్చు. కొలువులు లేని ఊర్లల్ల ఇది తప్పు పని అని నేననను. గని టార్గెట్ ఇచ్చెటోనికి ఎరుకే, మొదటి పది పాలసీలు మీ మేనమామకు, చిన్నమ్మకు, దోస్తు నాయనకే అమ్ముతరు. మీ మీద ఉన్న నమ్మకమే వాడు కొంటున్న సరుకు. ‘మొదటి కిస్తు నేనే కడత’ అని కమీషన్ల కెళ్లి ఇచ్చుడు 41వ సెక్షన్ కింద నేరం, పది లక్షల దాంక జరిమానా ఉన్నది. ఈ ముచ్చట ట్రైనింగుల చెప్పినా, టీం లీడర్ మర్చిపోమంటడు.

నడుమ ఎవడు లేకుంటె బీమా ఎట్లుంటదో గూడ మనం చూసినం. 2018 ఆగస్టుల వచ్చిన రైతు బీమా. 18 నుంచి 59 ఏండ్ల పట్టాదారు ఏ కారణంతోటి చనిపోయినా 5 లక్షలు, ప్రీమియం సర్కారు ఎల్ఐసీకి కడతది. షుగర్ ఉన్నదా అని అడిగెటోడు లేడు, కమీషన్ తినెటోడు లేడు. దాంట్ల లోటు వేరే ఉన్నది, వర్ని, కోటగిరి దిక్కు కౌలు చేసెటోళ్లకు పాసుబుక్కు లేదు గనుక బీమా లేదు. అది ఇంకోసారి మాట్లాడుకుందాం.

గల్ఫ్ పోయే ఇండ్లోళ్లకు ఒక మాట. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌తోటి పోయెటోనికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. యాక్సిడెంట్ల చనిపోయినా, కాళ్లు చేతులు పోయి పనికి రాకున్నా 10 లక్షలు. ప్రీమియం రెండేండ్లకు 275, మూడేండ్లకు 375 రూపాయలు, పైన పన్ను. పాలసీ తీసేది రిక్రూటింగ్ ఏజెంట్, కాయితం చానా సార్లు వాని ఫైల్లనే ఉంటది. ఇంట్లోళ్లకు పాలసీ ఉన్నదనే ఎరుక ఉండదు, ఇగ క్లెయిమ్ ఎవడు అడుగుతడు? విజిట్ వీసా మీద పంపినోనికి అయితె ఆ బీమానే ఉండదు. పోయేముందు పాలసీ నంబర్ ఫోటో తీసి ఇంటికి వాట్సాప్ చెయ్యమనుర్రి.

మోసం జరిగిందని తెలిస్తె ముందు కంపెనీకి రాతపూర్వకంగ ఫిర్యాదు పెట్టాలె, నకలు దగ్గర ఉంచుకోవాలె. బీమా భరోసా పోర్టల్ల ఎయ్యొచ్చు, 155255కు ఫోన్ గూడ చెయ్యొచ్చు. నెల దినాలల్ల జవాబు రాకున్నా, వచ్చిన జవాబు నచ్చకున్నా ఏడాది లోపల హైదరాబాద్ల ఉన్న బీమా అంబుడ్స్‌మన్‌కు రాయాలె. ఫీజు లేదు, వకీలు అక్కర లేదు, 50 లక్షల దాంక తీర్పు ఇయ్యొచ్చు. 2021 సంది బ్రోకర్ల మీద గూడ ఆయనకు ఫిర్యాదు చెయ్యొచ్చు. ఇగ కొనేముందు అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉన్నది, అడిగితె చెప్పాలె అని ఏజెంట్‌కు, బ్రోకర్‌కు ఇద్దరికి నిబంధన ఉన్నది: ‘అన్నా, దీంట్ల నీకు కమీషన్ ఎంత?’