‘రేపు చేద్దాం’ వెనుక మెదడు లెక్క
బద్ధకం కాకపోవచ్చు.. కుంగుబాటు కావచ్చు
స్కానింగ్ పరిశోధనల్లో ఆసక్తికర అంశాలు

నిడదవోలు: పంట రుణం రెన్యువల్‌కు గడువు ముగిసే రోజున బ్యాంకు ముందు బారులు తీరడం, పరీక్ష ఫీజును అపరాధ రుసుముతో కలిపి చెల్లించడం, ఉద్యోగ దరఖాస్తును చివరి గంటలో నింపడం నిడదవోలు పరిసరాల్లో ఏటా కనిపించే దృశ్యాలే. ‘ఆలస్యం అమృతం విషం’ అన్న మాట తెలియనివారు లేరు. తెలిసీ పనిని రేపటికి నెట్టడం ఎందుకు? దీనికి బద్ధకమని పేరు పెట్టి మందలించడం ఇళ్లలో రివాజు. మెదడు పనితీరును చిత్రాలు తీసి పరిశీలించిన శాస్త్రవేత్తలు మాత్రం ఇందులో మెదడు వేసే ఒక లెక్క ఉన్నదని చెబుతున్నారు.

రక్తమే ఆధారం
మెదడులో ఏ భాగం పనిచేస్తుంటే ఆ భాగానికి ప్రాణవాయువుతో కూడిన రక్తం అధికంగా చేరుతుంది. ప్రాణవాయువు ఉన్న రక్తానికీ, లేని రక్తానికీ అయస్కాంత గుణంలో తేడా ఉంటుంది. ఈ తేడాను ఎంఆర్ఐ యంత్రంతో పసిగట్టవచ్చునని జపాన్ శాస్త్రవేత్త సెయిజి ఒగావా బృందం 1990లో ఎలుకలపై ప్రయోగాలతో నిరూపించింది. మనిషి యంత్రంలో పడుకుని ఆలోచిస్తుండగానే అతని మెదడులో ఏ భాగం చురుకుగా ఉన్నదో చూసే వీలు దీనివల్ల కలిగింది.

పారిస్‌లో పది దరఖాస్తులు
పారిస్ బ్రెయిన్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన మథియాస్ పెసిగ్లియోన్, రఫాయెల్ ల బుక్ 2022లో ఈ పద్ధతితో వాయిదా స్వభావాన్ని పరిశీలించారు. 51 మందిని ఎంపిక చేశారు. ఇప్పుడు చిన్న బహుమతి కావాలా, కొంతకాలం తర్వాత పెద్దది కావాలా? ఇప్పుడు కొద్దిపాటి శ్రమ పడతారా, తర్వాత ఎక్కువ శ్రమ పడతారా? ఇటువంటి ప్రశ్నలు వేస్తూ మెదడు చిత్రాలు తీశారు. అనంతరం సుమారు పది దరఖాస్తులు చేతికిచ్చి ఇళ్లకు పంపారు. 30 రోజుల్లోగా నింపి పంపితేనే ప్రయోగంలో పాల్గొన్నందుకు సొమ్ము ముడుతుందని షరతు పెట్టారు.

దూరమయ్యేకొద్దీ బహుమతి విలువ మన కంటికి తగ్గినట్లే, శ్రమ కూడా తగ్గినట్లు తోస్తుంది. ఈ రోజు మోయవలసిన ధాన్యం బస్తా బరువుగానూ, వచ్చే వారం మోయవలసిన బస్తా తేలికగానూ అనిపించడం వంటిదే ఇది. తీరా వచ్చే వారం వచ్చాక ఆ బస్తా బరువు తగ్గదు. మెదడు ముందు భాగంలో లోపలి వైపున శ్రమను అంచనా వేసే ప్రాంతం ఉంది. కాలం దూరమైనప్పుడు ఈ ప్రాంతపు స్పందన ఎవరిలో ఎక్కువగా తగ్గిందో వారే దరఖాస్తులు పంపడంలో అధికంగా జాప్యం చేసినట్లు తేలింది.

జర్మనీలోని బోకుమ్‌లో 264 మందిని పరిశీలించి 2018లో వెలువరించిన మరో అధ్యయనం భయాందోళనలకు సంబంధించిన ‘అమిగ్డలా’ను ప్రస్తావించింది. పని మొదలుపెట్టలేని వారిలో ఆ భాగం కొంత పెద్దదిగా ఉన్నదనీ, దానిని అదుపు చేసే భాగంతో అనుసంధానం బలహీనంగా ఉన్నదనీ పేర్కొంది. అయితే ఏది కారణం, ఏది ఫలితం అన్నది చిత్రాన్ని బట్టి తేలదు.

మనసు బాగులేకుంటే..
పెసిగ్లియోన్ బృందమే 2018లో మానసిక స్థితిపైనా ప్రయోగం చేసింది. క్విజ్ ప్రశ్నలు అడిగి, తప్పొప్పులు చెబుతూ, మధ్యలో కొన్ని నిర్ణయాలు తీసుకోమన్నారు. ఉత్సాహంగా ఉన్నప్పుడు మెదడులో ఒక ప్రాంతం, దిగులుగా ఉన్నప్పుడు మరొక ప్రాంతం చురుకుగా కనిపించాయి. ఉత్సాహంలో లాభం పెద్దదిగానూ, దిగులులో నష్టం పెద్దదిగానూ తోచి నిర్ణయాలు మారిపోయాయి. దిగులుతో పని ఆగుతుంది, ఆగిన పనికి మాట పడవలసి వస్తుంది, దిగులు మరింత పెరుగుతుంది. ఇది విషవలయంగా మారే ప్రమాదం ఉంది.

ఇవీ గుర్తించవలసినవి
వాయిదా వేసేవారందరూ రోగులు కారు. రెండు వారాలకు మించి రోజులో అధిక భాగం దిగులుగా ఉండటం, ఇష్టమైన పనులపైనా ఆసక్తి పోవడం కుంగుబాటుకు ప్రధాన లక్షణాలు. నిద్ర, ఆకలి మారడం, నీరసం, ఏకాగ్రత లోపించడం, చిన్న నిర్ణయం కూడా తీసుకోలేకపోవడం, తాను పనికిరానివాడినన్న భావన వీటికి తోడవుతాయి. చనిపోవాలన్న ఆలోచన వస్తే క్షణం ఆలస్యం చేయరాదు. నిమ్‌హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ సర్వే ప్రకారం ప్రతి 20 మందిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు కుంగుబాటుకు గురవుతున్నారు. బాధితుల్లో సుమారు 85 శాతం మందికి చికిత్స అందడం లేదు.

స్కానింగ్‌తో తేలేది కాదు
ఈ వార్తలు చదివి స్కానింగ్ కేంద్రానికి పరుగెత్తవలసిన అవసరం లేదు. పరిశోధనల్లో కనిపించినవి పదుల, వందల మంది సగటు తేడాలు మాత్రమే. ఒక వ్యక్తి చిత్రాన్ని చూసి కుంగుబాటు ఉన్నదీ లేనిదీ చెప్పగల పరీక్ష లేదు. మెదడులో గడ్డ వంటి ఇతర వ్యాధిని అనుమానించినప్పుడే వైద్యులు ఎంఆర్ఐ సూచిస్తారు. పైగా మెదడు కొలతలు అన్ని దేశాల వారిలో ఒకేలా ఉండవు. అందువల్లనే హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పరిశోధకులు 2019లో భారతీయుల మెదడుకు ప్రత్యేకంగా నమూనా పటాన్ని రూపొందించారు.

కుంగుబాటును వైద్యుడు మాట్లాడి, లక్షణాలు తెలుసుకుని నిర్ధారిస్తారు. కౌన్సెలింగ్, అవసరమైతే మందులతో చికిత్స చేస్తారు. మందుల ప్రభావం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది గనుక మధ్యలో మానరాదు. సాధారణ వాయిదా అలవాటుకైతే పనిని చిన్న ముక్కలుగా విడగొట్టి, మొదటి ముక్కను ఈ రోజే పూర్తి చేయడం మేలు. దరఖాస్తు మొత్తం కాకపోయినా, కావలసిన పత్రాలను ఒకచోట చేర్చడంతో ఆరంభించవచ్చు.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ సేవలు 14416 నంబరులో 24 గంటలూ ఉచితంగా లభిస్తాయి. తెలుగులోనే మాట్లాడవచ్చు. పిల్లవాడు పుస్తకం ముట్టడం లేదనో, ఇంటి పెద్ద పొలం వైపు వెళ్లడం లేదనో నిందించే ముందు, అతను సరిగా నిద్రపోతున్నాడో లేదో కుటుంబ సభ్యులు ఒకసారి అడిగి తెలుసుకోవడం అవసరం.